కుడి దవడ మిగిలింది

ముక్కు మీద కోపం ఉండే మనిషికి పన్నునొప్పి కూడా తోడైతే చుట్టుపక్కలవాళ్ళ గతి ఏమిటో ఆ రోజు డిటెక్టివ్‌ని కలిసిన ప్రతివాళ్ళకీ తెలిసొచ్చింది. కోపం వస్తే పళ్ళు నూరుకునే భాగ్యం కూడా లేదు పాపం. జ్ఞానదంతం చిగురు వాచి, బుగ్గలో నిమ్మకాయ దాచుకున్నట్టు ఉన్నాడు. పొద్దున్నే పళ్ళ డాక్టరు మత్తు ఇంజక్షన్ వేసి, చీము తీసి పంపించాడు. సగం మొహం ఇంకా తిమ్మిరెక్కి ఉండగానే ఆయన నేరుగా ఆ స్కిన్ క్లినిక్‌కి వచ్చాడు.

కౌంటరులో అమ్మాయి ఆయన మొహం చూసి ఎంతో జాలిపడి, రెండు దవడలూ సమానంగా చేసిపెడతామని, కోత అసలే ఉండదని, వచ్చినవాళ్ళు వచ్చినట్టే నడిచి వెళ్ళిపోవచ్చని చెప్పింది. అలా నడిచి వెళ్ళలేకపోయిన ఒక మనిషి గురించే తను వచ్చానని డిటెక్టివ్ అన్నాడు. ఆ అమ్మాయి లోపలి గది చూపించింది.

ఆ మనిషి టీవీలో సాయంత్రం వార్తలు చదివే యాంకర్. ఇంట్లో పిలిచే చిట్టి అన్న పేరే స్టూడియోలో కూడా ఖాయమైపోయింది. రెండు నెలల కిందట ఇక్కడే రెండు దవడల అంచునా ఫిల్లర్ ఇంజక్షన్లు వేయించుకుంది. ఫిల్లర్ అంటే చర్మం కింద నింపే జెల్లు. కత్తి పెట్టకుండానే దవడ గీత గీసినట్టు తీరుగా కనిపిస్తుంది. నచ్చకపోతే ఇంకో మందు వేసి కరిగించేయొచ్చు. చిట్టికి ఎడమవైపు ఎత్తుగా ఉందనిపించింది. మొన్నటికి మొన్న కరిగించుకోవడానికి వచ్చింది. నర్సు ముందు మత్తు ఇంజక్షన్ వేసింది, తర్వాత కరిగించే మందు వేసింది. సూది తీసిన కాసేపటికే చిట్టికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, గొంతు పూడుకుపోయింది, కుర్చీలోంచి జారిపోయింది. ఆ నర్సే తొడకి ఇంకో ఇంజక్షన్ పొడిచి ప్రాణం నిలబెట్టింది. చిట్టిని నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. ప్రాణం నిలబెట్టిన నర్సుని లాకప్‌లో కూర్చోబెట్టారు.

ఆ నర్సు మొగుడు స్కూలు బస్సు నడుపుతాడు. నిన్న డిటెక్టివ్ ఎదురుగా నిలబడి ఏడవలేదు, బతిమాలలేదు. ఇంట్లో దగ్గుమందు పోసినా రెండుసార్లు సీసా చదివే మనిషి తన భార్య అని మాత్రం చెప్పాడు. ఈ సాయంత్రం ఆమెని మేజిస్ట్రేటు ముందు పెడతారు. అక్కడినుంచి జైలు, ఆ తర్వాత జన్మలో ఇంకెవరూ ఆమె చేతికి సూది ఇవ్వరు. అదీ కథ.

గది గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసినవాళ్ళే. పెద్దాయన పైవాళ్ళతో పడక ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ అయ్యాడు. చిన్నాయన అందరితోనూ పడుతూ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. చిన్నాయన పిలిచే గురువుగారూ అన్న పిలుపులో అప్పటినుంచీ గౌరవం పాలు తగ్గుతూ వస్తోంది.

"రండి గురువుగారూ. చూసుకోండి. మీరు చూసి బయటికి రాగానే నేను తాళం వేసుకుపోతాను," అన్నాడు.

"నువ్వు చూశావా?"

"చూశాను. మత్తుమందు సీసా సగానికి పైగా ఖాళీ. నర్సమ్మ చెయ్యి జారింది. ఆసుపత్రివాళ్ళు కూడా మత్తు పడలేదేమో అన్నారు. ఇంకేం కావాలి?"

"మరి ఆ కరిగించే మందు?"

"అది ఫిల్లర్‌ని కరిగిస్తుంది గురువుగారూ, మనుషుల్ని కాదు."

తన మాటకి తనే మురిసిపోతూ ఇన్‌స్పెక్టర్ ఒక పక్కకి తప్పుకున్నాడు. డిటెక్టివ్ లోపలికి అడుగుపెట్టాడు. వెనక్కి వాలిన కుర్చీ, తల మీదకి వంచిన దీపం, చక్రాల స్టాండు మీద స్టీలు ట్రే. దేన్నీ ఎవరూ కదపలేదు. మూలగా క్లినిక్ యజమాని అయిన డాక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇది తన గది కానట్టు, ఆ నర్సు ఎవరో తనకి తెలియనట్టు ఉంది ఆయన వాలకం.

డాక్టరుతో మాట్లాడటం గోడతో మాట్లాడటం కన్నా కష్టమైంది. గోడ కనీసం క్షమించండి, గుర్తులేదు అనదు. చిట్టి అంతకుముందు రెండుసార్లు వచ్చి ఎడమవైపు కరిగించమని అడిగిందని, టేపు పెట్టి కొలిచి రెండువైపులా సమానంగానే ఉన్నాయని తనే వెనక్కి పంపానని ఆయన గొప్పగా చెప్పుకున్నాడు. ఆ రోజు ఊళ్ళో లేనన్నాడు. మరి నర్సు ఎవరిని అడిగి చేసిందంటే తెలియదన్నాడు. నర్సు ఫోను చేసిందా అంటే చేసి ఉండొచ్చన్నాడు. మీరేమన్నారు అంటే నీళ్ళు నమిలాడు. అంతగా ఏడుస్తుంటే చెయ్యమన్నానని, అది పూర్తి అనుమతి కిందికి రాదని చివరికి గొణిగాడు. ఆ ముక్క రాబట్టేసరికి డిటెక్టివ్ దవడ మళ్ళీ సలపడం మొదలుపెట్టింది.

కోపం అణుచుకోవడానికి ఆయన అద్దాల బీరువా వైపు తిరిగాడు. ఫిల్లర్ పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. చిట్టికి వేసింది ఏదో చూపించమని అడిగి, పెట్టె తీసి, పక్కన ఉన్న చిన్న అక్షరాలు చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"డాక్టరు గారూ, ఈ జెల్లులోనే మత్తుమందు కలిపి ఉందా?"

అన్ని మంచి ఫిల్లర్లలోనూ కలిపే ఉంటుందని, ఎక్కించేటప్పుడు నొప్పి తెలియకుండా ఉండటానికని డాక్టరు చెప్పాడు. నర్సు వేసింది కూడా ఆ రకం మత్తే.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "విన్నావా? రెండు నెలల కిందట ఆ పిల్లకి రెండు దవడల నిండా ఇదే మత్తుమందు ఎక్కింది. ఏమీ కాలేదు. పడని మందయితే అప్పుడే పడిపోవాలి కదా."

"అప్పుడు కొంచెం, ఇప్పుడు ఎక్కువ."

"మత్తు ఎక్కువైతే తల తిరుగుతుంది, ఫిట్స్ వస్తాయి. దద్దుర్లు రావు. డాక్టరు గారూ, అవునా కాదా?"

అవునన్నట్టు డాక్టరు తల ఊపి, ఇన్‌స్పెక్టర్ మొహం చూసి, ఆ ఊపిన తలని మధ్యలోనే ఆపేశాడు. ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూసుకున్నాడు. తను చదువుకున్నది పోలీసు పని అని, వైద్యం కాదని, పెట్టెల మీద అక్షరాలు కోర్టులో లాయర్లు చదువుకుంటారని అన్నాడు. ఎడారిలో నీళ్ళకోసం కేకేసినా ఇంతకన్నా మంచి జవాబు వచ్చేదనుకున్నాడు డిటెక్టివ్.

ఇక మిగిలింది ట్రే. వాడేసిన సిరంజీలు రెండు, దూది, చిన్న సీసాలు. ఒక పక్కగా చాలా సన్నటి సిరంజి ఒకటి, కవరు విప్పకుండా అలాగే పడి ఉంది. ఇది దేనికని అడిగాడు. టెస్ట్ డోసుకని డాక్టరు చెప్పాడు. కరిగించే మందు వేసే ముందు ఒక్క చుక్క ముంజేతి చర్మం కిందికి ఎక్కించి, చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, కాసేపు ఆగి చూడటం ఈ క్లినిక్ పద్ధతి. ఆ చోట దద్దు లేస్తే మందు వేయరు. నర్సు టెస్ట్ చేశానని చెప్పిందిగా అన్నాడు డాక్టరు.

చేస్తే సిరంజి కవరులో ఎందుకుంటుంది?

ఆ ప్రశ్న డిటెక్టివ్ మనసులోనే అనుకున్నాడు గానీ ఆయన చూపుల వెంట ఇన్‌స్పెక్టర్ చూపులూ ట్రే మీదికి వెళ్ళాయి. మనిషి చురుకైనవాడే, అదే వచ్చిన చిక్కు. వంగి ఆ కవరుని రెండు వేళ్ళతో ఎత్తి, జాగ్రత్తగా సంచిలో వేసుకున్నాడు.

"టెస్ట్ కూడా చెయ్యలేదన్నమాట. చేశానని అబద్ధం కూడా. మంచి సాక్ష్యం చూపించారు గురువుగారూ, మీ రుణం ఉంచుకోను," అన్నాడు.

క్లినిక్ మెట్లు దిగుతుంటే డిటెక్టివ్‌కి తన నోటిమీద తనే కొట్టుకోవాలనిపించింది. కాపాడమని ఒకావిడని చేతుల్లో పెడితే, తనే వెళ్ళి ఆమె గొయ్యి ఇంకో మూర లోతు చేసి వచ్చాడు.

స్టేషన్లో నర్సు బెంచీ చివర కూర్చుని ఉంది. మూడు రోజులుగా మార్చని తెల్ల కోటు. డిటెక్టివ్ కూర్చోకముందే మందులు తను కొలిచే వేశానని, టెస్ట్ కూడా చేశానని గడగడా చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాటలు ఎన్నిసార్లు చెప్పిందో గానీ అరిగిపోయినట్టు వినిపించాయి.

"అమ్మా, సన్న సిరంజి కవరు విప్పలేదు. ఇన్‌స్పెక్టర్ చూశాడు," అన్నాడు డిటెక్టివ్.

లేదండీ, చేశానండి అని ఆమె మళ్ళీ మొదలుపెట్టబోయింది. ఆయన కేకలేశాడు. తనతో కూడా అబద్ధమాడితే తను ఎవరికోసం తిరగాలో చెప్పమన్నాడు. నోట్లో తిమ్మిరి వల్ల సగం మాటలు ముద్దముద్దగా వచ్చాయి, దాంతో ఇంకా ఒళ్ళు మండింది. నర్సు చేతులతో మొహం కప్పుకుంది. టెస్ట్ చెయ్యలేదని ఒప్పుకుంది. అన్నేళ్ళలో ఎప్పుడూ మానలేదని, ఆ ఒక్కరోజే మానానని, ఆ సంగతి తెలిస్తే తన మాట ఇంకెవరూ నమ్మరని దాచానని చెప్పింది.

"ఎందుకు మానావు?"

"సిరంజి తీశానండి. ఇప్పుడు టెస్టులంటూ కూర్చుంటే వార్తల టైముకి అందుకోలేమని వాళ్ళక్క ఒకటే గోల. ఈవిడేమో ఏడుపు. పోనీలే, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను."

"ఏ అక్క?"

చిట్టి ఆవిడని బుజ్జక్క అని పిలుస్తుందని నర్సు అంది. సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. చిట్టి పనిచేసే టీవీలోనే పనిచేస్తుంది. వచ్చిన ప్రతిసారీ వెంట ఉండేది. ఎడమవైపు ఎత్తుగా ఉందని చిట్టి కంటే ఎక్కువగా చూపించింది కూడా ఆవిడేనట.

డిటెక్టివ్ కేకలు మానేశాడు. ఆయనకి పొద్దున పళ్ళ డాక్టరు దగ్గర జరిగింది గుర్తొచ్చింది. మత్తు వేశాక తన నోరు పెగలకపోతే, డాక్టరు అడిగిన ప్రతిదానికీ పక్కనున్న భార్యే జవాబు చెప్పింది. ఆయనకి ఏ అలవాట్లూ లేవండి అని కూడా చెప్పింది. జేబులో సిగరెట్టు పెట్టె పెట్టుకుని ఆయన కళ్ళప్పగించి వింటూ కూర్చున్నాడు.

"నువ్వు మందు వేసే ముందు ప్రశ్నలు అడుగుతావు కదమ్మా. జవాబులు ఎవరు చెప్పారు?"

నర్సు ఆలోచించింది. చిట్టి దవడలకి ఐస్ పెట్టి ఉంచానని, మూతి బిగిసిపోయి మాట సరిగా రాలేదని, అందుకని వాళ్ళక్కే చెప్పిందని అంది. ఆస్తమా లేదు. వేరే మందులు వాడటం లేదు. ఏ మందూ పడకపోవడం అంటూ లేదు.

"ఇంకేం అడిగావు?"

"తేనెటీగ గానీ కందిరీగ గానీ కుట్టి ఒళ్ళు వాచిపోవడం ఎప్పుడైనా జరిగిందా అని అడిగానండి. అది తప్పకుండా అడగాలి. ఈ కరిగించే మందులో ఉండేలాంటి పదార్థమే వాటి విషంలోనూ ఉంటుంది. అది పడనివాళ్ళకి ఇదీ పడకపోవచ్చు."

"ఏమంది?"

"ఊళ్ళో పెరిగిన పిల్ల, ఈగ వాలితేనే ఇల్లెగరగొట్టేది, అలాంటిదేమన్నా ఉంటే మాకు తెలీదా అని నవ్విందండి."

ఇదంతా పోలీసులకి చెప్పావా అని అడిగాడు. చెప్పానని, ఈగల గోల మాకెందుకని రాసుకోలేదని నర్సు అంది. డిటెక్టివ్ లేచి బయటికి వచ్చి, తలుపుని తన్నబోయి ఊరుకున్నాడు. తంతే ఆ అదురు పంటికే తగిలేది.

చిట్టి ఉండేది ఆ పెద్దమ్మ ఇంట్లోనే. తల్లిదండ్రులు వేరే ఊళ్ళో ఉంటారు. డిటెక్టివ్ వెళ్ళేసరికి పెద్దమ్మ ఒక్కతే ముందుగదిలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. చిట్టికి జరిగిందాని గురించి నాలుగు మాటలు అడగాలని చెప్తే, ఆయన బుగ్గ చూసి అయ్యో అని, ముందు వేడి పాలు తాగమంది. పొద్దుటినుంచి తనతో మనిషిలా మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే. ఆవిడని మాటల్లో పెట్టి గుచ్చి గుచ్చి అడగాలంటే ఆయనకి మనసొప్పలేదు. కానీ అడగక్కర్లేకుండానే ఆవిడ చెప్పుకుపోయింది.

చిట్టికి తను పెద్దమ్మ కాదు, రెండో తల్లి. పెద్దది, అంటే బుజ్జి, చెల్లెలంటే ప్రాణం పెడుతుంది. వార్తలు చదివే ఉద్యోగానికి ముందు పెద్దదే ప్రయత్నం చేసింది. తనతో పాటు సరదాగా తీసుకెళ్ళిన చెల్లెల్ని వాళ్ళు ఎంచుకున్నారు. అయినా పెద్దది ఒక్క మాట అనలేదు. రోజూ తనే దగ్గరుండి చెల్లెలి మొహం దిద్దించేది. ఎడమవైపు ఎత్తు తేడా కనిపెట్టింది కూడా పెద్దదే. తమ కళ్ళకి ఎవరికీ కనిపించలేదు, దాని కన్ను అలాంటిది. ఇప్పుడు చెల్లెలు మంచాన పడితే వార్తలు కూడా తనే చదివి గండం గట్టెక్కిస్తోంది. చాలా బాగా చదివిందని అందరూ అన్నారట.

డిటెక్టివ్ పాలు ఒక పక్కగా మింగి, గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మా, చిట్టిని చిన్నప్పుడు ఎప్పుడైనా తేనెటీగ కుట్టిందా?"

పెద్దమ్మ మడతపెడుతున్న చీర ఒళ్ళో పెట్టుకుని నవ్వింది.

"మీకెవరు చెప్పారు బాబూ? వాళ్ళమ్మకే తెలియదది. సెలవులకి మా ఇంటికొచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. ఒక్కటంటే ఒక్కటి కుట్టింది, మెడ మీద. చూస్తుండగానే మొహం ఇంతయింది, కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి లేదు. భుజాన వేసుకుని పరిగెత్తాను. మరి కాస్త ఆలస్యమైతే దక్కేది కాదని, ఇంకోసారి కుడితే అస్సలు దక్కదని డాక్టరు చెప్పాడు. మా చెల్లెలు పిరికిది, హడలిపోతుందని చెప్పలేదు. చిట్టికి అసలు గుర్తే లేదు."

"మీ పెద్దమ్మాయికి?"

"దానికెందుకు గుర్తుండదు? అప్పటికే ఎనిమిదేళ్ళది. డాక్టరు చెప్తుంటే నా పక్కనే నిలబడి వింది. పెరట్లోకి చిట్టిని వెళ్ళనిచ్చేది కాదు ఆ సెలవులంతా."

ఆవిడ మళ్ళీ చీర మడతలో పడిపోయింది. తను ఏం చెప్పిందో ఆవిడకి తెలియదు. డిటెక్టివ్‌కి ఆ క్షణాన కేసు తేలిపోయిందన్న సంతోషం రాలేదు. ఆవిడ ఎదురుగా కూర్చోవడానికి కూడా సిగ్గేసింది.

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్ చేతిలో కాగితాలతో వచ్చాడు, ఇంటి తరఫున పెద్దమ్మ సంతకం కోసం. డిటెక్టివ్‌ని చూసి మొహం మాడ్చుకున్నాడు. డిటెక్టివ్ ఆయన్ని చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. జెల్లులో మత్తు ఉన్నా చిట్టికి ఏమీ కాకపోవడం, కరిగించే మందు తేనెటీగ విషంలాంటిది కావడం, చిన్నప్పుడు కుట్టిన సంగతి బుజ్జక్కకి తెలిసీ లేదని చెప్పడం, టెస్ట్ ఆపించడం, లేని వంకర రోజూ అద్దంలో చూపించడం.

"సూది పట్టుకోకుండానే చంపాలని చూసిందయ్యా. నర్సు చేత్తో," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ వెంటనే ఎగతాళి చెయ్యబోయి ఆగాడు. క్లినిక్‌లో డాక్టరు సగంలో ఆపిన తల ఊపు ఆయనకీ గుర్తుండే ఉంటుంది. ఒక్కొక్క మెట్టూ లెక్క చూసుకుంటున్నట్టు కళ్ళు కిందికి వాల్చాడు.

"సరే. ముందు ఆ అమ్మాయిని, చిట్టిని, ఇక్కడినుంచి వేరే చోటికి మారుద్దాం. లోపల పడుకుని ఉందా?" అన్నాడు.

డిటెక్టివ్ తలుపు తోసి అదే అడిగాడు.

"లేదు బాబూ. ఇప్పుడే అక్కాచెల్లెళ్ళిద్దరూ వెళ్ళారు," అంది పెద్దమ్మ. "ఎడమవైపు కరిగిపోయింది, కుడివైపు అలాగే మిగిలిపోయింది కదా. మొహం వంకరగా ఉందని పిల్ల రాత్రంతా ఏడ్చింది. కుడివైపు కూడా కరిగించేస్తే సరిపోతుందని పెద్దదే నచ్చజెప్పి తీసుకెళ్ళింది."

డిటెక్టివ్‌కి నోట్లో ఉన్న తిమ్మిరంతా ఒక్కసారిగా వదిలిపోయినట్టయింది. ఏ క్లినిక్‌కి వెళ్ళారని అడిగాడు.

"పేరు నాకు తెలియదు. ఆ మాట ఈయన్నే అడగండి," అని ఆవిడ ఇన్‌స్పెక్టర్‌ని చూపించింది. "నిన్న ఆసుపత్రిలో పెద్దది అడిగితే, తప్పంతా మత్తుదే, మత్తు లేకుండా చేయించుకుంటే ఏ భయమూ లేదని ఈయనే ధైర్యం చెప్పారు. తెలిసిన చోటికి స్వయంగా ఫోను చేసి ఇవాళ్టికి పెట్టించారు. మీ మేలు మర్చిపోలేం నాయనా."

ఇన్‌స్పెక్టర్ మొహంలో నెత్తురుచుక్క లేదు. అప్పటికే ఫోను తీశాడు. నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. డిటెక్టివ్ తిట్టలేదు. ఇన్నేళ్ళుగా ఆయన్ని తిట్టాలని దాచుకున్న మాటల్లో ఒక్కటీ అప్పుడు నోటికి రాలేదు. అవతల అమ్మాయి ఫోనెత్తి, ఇన్‌స్పెక్టర్ గొంతు గుర్తుపట్టి, ఎంతో మర్యాదగా, మీరు పంపినవాళ్ళు వచ్చారండి, లోపలికి వెళ్ళారు, తలుపు వేశారు అంది. తలుపు తీయించమని, చేస్తున్నది ఆపమని ఇన్‌స్పెక్టర్ అరిచాడు. ఒకసారి వేస్తే మధ్యలో తీయకూడదండి, కనుక్కుంటాను, లైన్లో ఉండండి అని ఆ అమ్మాయి ఫోను పక్కన పెట్టేసింది. ఏదో మెత్తటి సంగీతం మొదలైంది.

ఇద్దరూ ఆ ఫోను పట్టుకునే మెట్లు దిగి జీపు వైపు పరిగెత్తారు. వెనకనుంచి పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆ కంగారు చూసి ఆవిడే వాళ్ళకి ధైర్యం చెప్పింది.

"ఏం భయపడకండి బాబూ. పక్కన పెద్దది ఉంది. చెల్లెల్ని ఒక్క క్షణం వదిలిపెట్టదు."